మిగలకూడదన్న మనిషి

మా విచారణ (ఒక చర్చి కింద ఉండే సంఘాన్ని మేం అట్లా అంటాం) యువజన సంఘం పిల్లలు ఇద్దరు పోయిన వారం కొండాపూర్‌లోని మా ఇంటికి వచ్చారు. లిఫ్టు చెడిపోయి ఉన్నందువల్ల మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చారు. ముందు మంచినీళ్ళిచ్చి, తరువాత సంగతి అడిగాను. ఈమధ్య చనిపోయిన మా ఉపదేశకుడు ఒకాయన జ్ఞాపకార్థం ఒక సంచిక వేస్తున్నారట. గుడిలో పిల్లలకు ఆయన అన్నేళ్ళు జ్ఞానోపదేశం చెప్పారు కదా, ఆయనతో కలిసి పని చేసినవారిలో పెద్దవారు మీరే కదా, ఒక పేజీ మంచి మాటలు రాసివ్వండి టీచరమ్మా అన్నారు.

"మంచి మాటలేనా?" అని అడిగాను.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "చనిపోయినవారు కదా టీచరమ్మా," అన్నాడు పెద్దవాడు.

నేను ఉద్యోగకాలమంతా మిషన్ బడిలో హాజరుపట్టీ రాసినదాన్ని. వచ్చిన పిల్లకు వచ్చినట్టు, రాని పిల్లకు రానట్టు రాయడం నా వృత్తి. మండలాధికారి కూతురైనా సరే, రాని రోజున రాలేదనే రాశాను. పదవీ విరమణ చేసి ఇక్కడికి వచ్చిన తరువాత ఆదివారపు జ్ఞానోపదేశ తరగతులకు బాధ్యురాలిగా ఉండి అదే పద్ధతి సాగించాను: ఏ ఆదివారం ఏ పాఠం, ఎవరు చెప్పారు, ఏ పిల్ల ఏమి అడిగింది. మనిషి చనిపోయినంత మాత్రాన పాత హాజరును దిద్దే ఆచారం నాకు లేదు. కనుక వారు అడిగిన పేజీ రాయడం లేదు, ఇది రాస్తున్నాను. అచ్చు వేసుకోవడమో మానుకోవడమో వారి ఇష్టం.

ఆయన పేరు ఇందులో ఎక్కడా ఉండదు. ఎందుకు ఉండదో చివర చెబుతాను.

ఆయనది కోస్తా, పాత కతోలిక కుటుంబం. గచ్చిబౌలిలో ఒక పెద్ద కంపెనీలో చాలామందికి పై అధికారి. ఆదివారం ఇంగ్లీషు పూజ ముగిసి జనం ఇంకా చెప్పులు వెతుక్కుంటూ ఉండగానే గుడి వెనుక రేకుల హాలులో ప్రత్యక్షమయ్యేవాడు. భుజాన కంప్యూటరు సంచి, జేబులో మూడు రంగుల మార్కర్లు, మెడలో పట్టీ, పట్టీకి ఆఫీసు బిళ్ళ. దేవుని విశ్రాంతి దినాన కూడా బిళ్ళ ఎందుకా అని మొదట్లో విస్తుపోయాను. తరువాత కొద్దికాలానికే మా ఉపదేశకులందరికీ అటువంటి బిళ్ళలు అచ్చు వేయించి తెచ్చాడు. "ఎవరు ఎవరో తెలియాలి కదండీ," అన్నాడు. నాది నేను సొరుగులో పడేశాను. ఆ హాలులో నన్నెరగని పిల్ల లేదు, నేనెరగని పిల్ల లేదు. పిల్లలకు మాత్రం ఆయన బిళ్ళలు వేయించలేదు. వాళ్ళు ఎవరు ఎవరో తెలియవలసిన అవసరం ఆయనకు కలగలేదు.

చూపుడువేలూ బొటనవేలూ కలిపి కూరలో ఉప్పు చల్లుతున్నట్టు గాలిలో ఆడించి "సింపుల్ అండి" అనడం ఆయన అలవాటు. త్రిత్వం గురించి అడిగితే సింపుల్. యోబు పడ్డ బాధ గురించి అడిగితే సింపుల్. పండితులు తలలు పట్టుకున్న సంగతులు ఆయన వేళ్ళ మధ్య నుంచి చిటికెడు ఉప్పులా రాలిపోయేవి. రాలనివాటికి వేరే ఉపాయం ఉండేది. బోర్డు మీద కుడివైపు పైమూలన ఒక చదరం గీసి, దానికి పార్కింగు అని పేరు పెట్టాడు. ఆఫీసు మీటింగుల్లో అట్లా చేస్తారట. తేలని విషయం వస్తే ఆ చదరంలో రాసి, తరువాత చూద్దామని పక్కన పెడతారట. ప్రభువు జనానికి పంచిన చేపలు పచ్చివా కాల్చినవా అని ఒక పిల్లవాడు అడిగాడు. "మంచి ప్రశ్న. పార్క్ చేద్దాం." కడరాత్రి భోజనంలో యూదాసు కూడా ఆ రొట్టె తిన్నాడా అని ఇంకొకతె అడిగింది. "చాలా మంచి ప్రశ్న. పార్క్ చేద్దాం." గంట కాగానే బోర్డు తుడిచేవాడు. తుడవడం ఎప్పుడూ ఆ కుడివైపు మూల నుంచే మొదలయ్యేది. అక్కడ నిలిపిన బండి ఒక్కటైనా తిరిగి కదలడం నేను చూడలేదు.

హాజరు పద్ధతి నాది కనుక ఇంకొక మాట కూడా రాయాలి. చిన్న తరగతి పిల్లల బూట్ల దారాలు ఊడితే ఆయన నేల మీద మోకాలు వేసి తానే కట్టేవాడు. ఇస్త్రీ ప్యాంటుకు దుమ్ము అంటుతుందని చూసుకునేవాడు కాదు. ఈ ఒక్క దృశ్యం నేను చూడకపోయి ఉంటే ఆయనను అసహ్యించుకోవడం నాకు ఇంకా తేలికయ్యేది.

మా విచారణ సంగతి తెలియనివారి కోసం కొంత చెప్పాలి. ఈ చుట్టుపక్కల అద్దాల మేడల్లో కుర్చీల్లో కూర్చుని పని చేసేవారూ, ఆ అద్దాలు తుడిచేవారూ, ఆ గేట్ల దగ్గర నిలబడేవారూ, అందరూ మా గుడికే వస్తారు. మొదటివారు ఎక్కువగా ఇంగ్లీషు పూజకు, రెండోవారు తెలుగు పూజకు. వీరూ వారూ కలిసి కూర్చునేది పిల్లల తరగతిలోనూ, విచారణ పండుగ విందులోనూ. ఆ విందుకు ఒక ఆచారం ఉండేది. ఖాజాగూడ వైపు నుంచి వచ్చే తల్లులు సంచిలో ఒక ఖాళీ డబ్బా తెచ్చుకునేవారు. అందరూ తిన్నాక మిగిలిన బగారన్నం, కూర ఎవరి డబ్బాలో వారు సర్దుకునేవారు. ఇది అడుక్కోవడం కాదు. డ్యూటీ మీద ఉండి రాలేకపోయిన భర్తకూ, దవాఖానలో ఉన్న అత్తకూ పండుగను మోసుకుపోవడం. రాలేనివారికి కూడా ఇక్కడ వాటా ఉన్నదని ఒప్పుకోవడం. మంచం పట్టినవారి ఇళ్ళకు పూజలో ఆశీర్వదించిన అప్పాన్ని దివ్యసత్ప్రసాదంగా పట్టుకుపోయే సంఘానికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు.

ఆయన విందు ఏర్పాట్లు చేపట్టిన ఏడాది కూపన్లు వచ్చాయి. ఇంటికి ఎంతమందో ముందే చెప్పాలి, తలకొక కూపను, తలకొక గరిటె కొలత. "మిగలకూడదండీ," అనేవాడు. "మిగిలిందంటే మన ప్లానింగ్‌లో లోపం ఉన్నట్టు." ఆ ఏడు విందు ముగిసేసరికి గంజుల అడుగులు గీకి ఉన్నాయి. ఖాజాగూడ తల్లులు ఖాళీ డబ్బాలు సంచుల్లోంచి తీయకుండానే వెళ్ళిపోయారు. ఆయన ఆనందంగా నా కుర్చీ దగ్గరికి వచ్చి, వేళ్ళతో సున్నా చుట్టి చూపించి, "చూశారా టీచర్ గారూ, జీరో!" అన్నాడు.

సువిశేషంలో ప్రభువు ఐదు రొట్టెలు పంచితే, వేలమంది తిన్నాక పన్నెండు గంపలు మిగిలాయి. ఆ లెక్కన ప్రభువుకు ప్లానింగ్ తెలియదు.

ఇక ఆ పాఠం. తరగతులు విడిపోకముందు పిల్లలందరికీ కలిపి ఆ వారపు సువిశేషాన్ని తెలుగులో నేను చెప్పడం రివాజు. ఆ ఆదివారం రొట్టెల అద్భుతం. గడ్డి మీద కూర్చున్న జనం, పొద్దుగూకడం, ఒక బాలుడి దగ్గర ఐదు యవల రొట్టెలు, రెండు చేపలు, ఇంతమందికి ఇవి ఏ మూలకని శిష్యుడు అంద్రెయ పెదవి విరవడం, ప్రభువు వాటిని అందుకుని కృతజ్ఞత చెప్పి పంచడం, అందరూ కడుపునిండా తినడం, మిగిలిన ముక్కలను పారేయక ఏరమనడం, పన్నెండు గంపలు నిండడం. ఇవన్నీ చెప్పి ముగించాను. మూడో తరగతి చదివే ఫిలోమిన లేచి నిలబడింది. తల్లి లూర్దమ్మ ఒక కంపెనీ మేడలో శుభ్రం చేసే పనికి పోతుంది. తండ్రి ఒక అపార్టుమెంటు గేటు దగ్గర కాపలా.

"టీచరమ్మా, గంపలు ఎవరు తెచ్చిన్రు?"

"ఏ గంపలు బిడ్డా?"

"మిగిలినయి ఏసిన్రు గద, ఆ గంపలు. తిననీకే ఏం లేనోళ్ళు అంత దూరం ఖాళీ గంపలు ఎందుకు మోసుకొచ్చిన్రు?"

నాకు తెలియదు. ఎన్నో ఏళ్ళు ఈ కథ చెప్పాను, ఎన్నడూ నాకు తట్టలేదు. తెలియదనే చెప్పి, ఫాదర్ గారిని అడుగుదామన్నాను. ఈలోగా వెనుక నుంచి ఆయన మార్కరు మూత తీసిన చప్పుడైంది. "మంచి ప్రశ్న. పార్క్ చేద్దాం." మూలనున్న చదరంలో గంపలు అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. పోతూ పోతూ తుడిచేశాడు. తుడిచే ముందు, వచ్చే ఆదివారం ఈ కథను ఆడి చూద్దామనీ, అందరూ తినడానికి ఏదో ఒకటి తెచ్చుకోవాలనీ పిల్లలకు చెప్పాడు.

కొన్ని ఇళ్ళలో ఇబ్బంది అవుతుంది, ఆలోచించండి అన్నాను.

"అందరి దగ్గరా ఏదో ఒకటి ఉంటుందండి. అదే కదా మన పాఠం!"

ఆ మాట అర్థం మరుసటి ఆదివారం తెలిసింది. హాలు మధ్యలో తెల్లదుప్పటి పరిచి చుట్టూ పిల్లలను కూర్చోబెట్టాడు. దుప్పటి మీద ముందే కొన్ని దిగాయి: అరలు అరలుగా ఉన్న ప్లాస్టిక్ పెట్టెల్లో తరిగిన పండ్లు, కేకు ముక్కలు, చిప్స్ పొట్లాలు, ఒక డబ్బాలో మురుకులు. అప్పుడు ఆయన కథ విప్పాడు. ఆ కాలంలో ఎవరూ సద్ది కట్టుకోకుండా ప్రయాణం చేయరట. అందరి దగ్గరా తిండి ఉన్నదట. పక్కవాడికి పెట్టవలసి వస్తుందని అంగీల్లో దాచుకున్నారట. ఆ పిల్లవాడు తనది బయటికి తీయగానే సిగ్గుపడి అందరూ తీశారట. "అద్భుతం అదే. దాచుకున్నది బయటికి తీయడం. సింపుల్!" వేళ్ళ మధ్య నుంచి ఉప్పు రాలింది.

నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. ఊరుకోలేక, "మరి నిజంగా ఏమీ లేనివాళ్ళ మాటేమిటి?" అన్నాను.

"లేనివాళ్ళు ఉండరండి," అన్నాడు నవ్వుతూ. "ఇవ్వాలన్న మనసు లేనివాళ్ళే ఉంటారు."

రొట్టెలు పెరగలేదనడం ఒక తప్పు. అది పెద్దలు తేల్చుకుంటారు. లేనివాడే లేడనడం ఆ తప్పును పిల్లల మధ్యకు తెచ్చి కూర్చోబెట్టడం. ఆయన దుప్పటి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరూ తీస్తున్నారు, మిగతావారు చప్పట్లు కొడుతున్నారు. ఫిలోమిన వంతు వచ్చింది. పిల్ల సంచిని పొట్టకు అదుముకుని కూర్చుంది.

"ఏం తెచ్చావమ్మా? తీయి."

తల అడ్డంగా ఊపింది.

"దాచుకోకూడదు. కథలో వాళ్ళు కూడా ముందు దాచుకున్నారు. తర్వాత ఏం చేశారు పిల్లలూ?"

"తీశారు!" అని హాలంతా అరిచింది.

ఆయన వంగి, నవ్వుతూనే, ఆ సంచి జిప్పు తానే తీశాడు. ఒక పెద్ద స్టీలు డబ్బా పైకి వచ్చింది. పిల్లలు తెచ్చుకునేది కాదు. ఇంట్లో పిండి పోసుకునేంతది. మూత తీసి, లోపల చూసి, నలుగురికీ కనబడేట్టు తిప్పాడు. ఖాళీ.

పిల్లలు నవ్వారు. పిల్లల నవ్వును నేను ఎవరి లెక్కలోనూ వేయను. ఆ తరువాతి మాట ఆయనది. "ఓహో! మేడమ్ గారు పట్టుకెళ్ళడానికి వచ్చారన్నమాట. తిండి కోసం గుడికి రాకూడదమ్మా. ఇవ్వడానికి రావాలి."

ఫిలోమిన ఏడవలేదు. "మిగుల్తయని తెచ్చిన సర్," అంది.

"ఏం మిగులుతాయి?"

"అందరు తిన్నంక మిగుల్తయని టీచరమ్మ చెప్పింది గద. మనకాడ గంపలు లేవు గదా అని డబ్బ తెచ్చిన. మా నాయిన డ్యూటీల ఉన్నడు."

ఆయన గడియారం చూసుకున్నాడు. "మంచి పాయింట్," అన్నాడు. "పార్క్ చేద్దాం."

నేను లోపలికి వెళ్ళి ఆయన చేతిలోని డబ్బా తీసుకుని, మూత పెట్టి, పిల్ల సంచిలో పెట్టాను. మిగులుతుందని చెప్పింది నేనే. చెప్పినందుకు నాకు చింత లేదు. ఆ హాలులో అంతమంది ఉన్నాం, సువిశేషాన్ని నమ్మి ఇంటి నుంచి బయలుదేరినది ఆ ఒక్క పిల్ల. ఆనాడు గంపలు ఎవరు మోసుకొచ్చారో నాకు అప్పుడు అర్థమయింది. ఇటువంటివాళ్ళే అయి ఉంటారు. దుప్పటి మీదివి ఆయన తలకింత అని లెక్కగా పంచాడు. ఏమీ మిగలలేదు. ఫిలోమిన తన వాటా ముట్టలేదు.

తరువాతి ఆదివారం పిల్ల రాలేదు. ఆ తరువాత కూడా రాలేదు. ఆ వేసవిలో దాని మొదటి సత్ప్రసాదం, ఆశీర్వదించిన అప్పాన్ని తొలిసారి అందుకునే పండుగ. తరగతులు తప్పితే వరుసలో చోటుండదు. నేను ఖాజాగూడ వెళ్ళాను. గుట్ట రాళ్ళ వెనుక, పెద్ద అపార్టుమెంట్ల నీడలో కిరాయి గది. లూర్దమ్మ అప్పుడే డ్యూటీ దిగి వచ్చి, యూనిఫారం మీదనే ఉంది.

"రాండి టీచరమ్మా, కూసోండి. జర చాయ్ పెడ్త."

చాయ్ వద్దన్నాను. పిల్ల ఎందుకు రావడం లేదని అడిగాను.

"ఓ ఆదివారం కడుపునొస్తుందంటది, ఓ ఆదివారం తలకాయ నొస్తుందంటది. గట్టిగ అడిగితే చెప్పింది. తిండికొచ్చినవా అన్నడంట గద ఆ సర్?" గొంతు పెంచలేదు, పెంచినా బాగుండేది. "మేం తిండికొస్తున్నమా టీచరమ్మా? వారం దినాలు ఆ ఆఫీసుల వాళ్ళు తిని ఇడిసిన ప్లేట్లే తీస్త. ఎంత పారేస్తరో నా కండ్లతోని చూస్త. ఒక్కనాడన్న ఒక్క ముద్ద ఇంటికి తెచ్చిన్నా? తేలె. గుడి గాబట్టి డబ్బ పట్టుకొచ్చినం. మనిల్లే గదా అనుకున్నం."

తడిక వెనుక నుంచి ఫిలోమిన తొంగి చూసింది. దగ్గరికి పిలిచాను. సత్ప్రసాదం వద్దా బిడ్డా అన్నాను.

"కావాలె."

"మరి?"

"సర్ తప్పయిందని చెప్తే వస్త. అందరి ముందల అన్నడు గద, అందరి ముందలనే చెప్పాలె."

"గంత మాట అనొద్దు, సర్ పెద్దోడు," అని తల్లి కసిరింది. నేను కసరలేదు. పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్ గారి ఎదుట పాపాలు చెప్పుకోవడంలో, పశ్చాత్తాపం, ఒప్పుకోలు, ప్రాయశ్చిత్తం అని ఆ తరగతికి మేమే నేర్పుతున్నాం. పిల్ల పాఠం బాగానే నేర్చుకుంది.

మరుసటి ఆదివారం ఆయనను హాలు బయట నిలబెట్టి సంగతి చెప్పాను.

"అయ్యో, నేను సరదాగా అన్నానండి. పిల్లలు మర్చిపోతారు."

"ఆ పిల్ల మరచిపోలేదు. మీరు ఒక్క మాట చెబితే వస్తుంది."

"చిన్న విషయాన్ని మీరు పెద్దది చేస్తున్నారు టీచర్ గారూ. సరే, వాళ్ళకి ఏం కావాలో చెప్పండి, పంపించేద్దాం."

"తప్పయిందన్న మాట కావాలి."

ఆయన మెడలోని పట్టీని వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు. తరువాత ఫోను తీసి వాళ్ళ చిరునామా అడిగాడు. ఆ సాయంత్రానికి లూర్దమ్మ గుమ్మంలో బియ్యం, నూనె, బిస్కట్లు ఉన్న పెద్ద అట్టపెట్టె దిగింది. మరుసటి పొద్దున డ్యూటీకి పోతూ పోతూ ఆమె దానిని ఆటోలో తెచ్చి, గుడిలో బీదల కోసం కానుకలు పెట్టే చోట, పునీత అంతోనివారి స్వరూపం ముందు పెట్టింది. నేను అక్కడే ఉన్నాను. "తిండికి రాలేదని మేమంటే తిండి పంపిండు చూసిన్రా టీచరమ్మా," అంది. సిలువ గుర్తు వేసుకుని వెళ్ళిపోయింది.

ఫాదర్ గారు నన్ను పిలిచి, పెద్దమనసు చేసుకోండమ్మా, ఆయన మనకు ఎంతో చేస్తున్నారు, స్పీకర్లు కూడా ఆయన తెచ్చినవే అన్నారు. స్పీకర్లు బాగానే ఉన్నాయి ఫాదర్, వాటిలోంచి రావలసిన ఒక్క మాటే రావడం లేదు అన్నాను.

ఆ వేసవి పండుగనాడు తెల్లబట్టల పిల్లల వరుసకు ముందు ఆయన బిళ్ళతో నడిచాడు. వరుసలో ఫిలోమిన లేదు. ఒక పిల్ల తగ్గిందని ఆయనకు ఎవరూ చెప్పనవసరం లేదు. లెక్క పెట్టడంలో ఆయనంతటివాడు లేడు. అయినా అడగలేదు.

పిల్ల మరుసటి ఏడు తనంతట తానే వచ్చింది. "నా దోస్తులందరు తీసుకుంటున్నరు టీచరమ్మా," అంది. అంతకన్న కారణం నేను అడగలేదు. నా తరగతిలో కూర్చోబెట్టుకున్నాను. తెలుగు పూజలో, మామూలు ఆదివారం నాడు, పండుగ హంగులేమీ లేకుండా మొదటి సత్ప్రసాదం అందుకుంది. కానీ అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ పిల్ల గుడికి సంచి తేలేదు. పుస్తకం చేత్తో పట్టుకుని వస్తుంది. ఒక్క ఫిలోమినే కాదు. ఆ మాట ఖాజాగూడ గదులన్నిటికీ పాకింది. గుడికి డబ్బ పట్టుకపోవద్దని తల్లులు పిల్లలకు చెప్పుకున్నారు. తరువాతి విచారణ పండుగకు ఒక్క డబ్బా రాలేదు. ఎవరు పెట్టారో తెలియనంత పాత ఆచారాన్ని ఆయన ఒక్క నవ్వుతో ఎత్తేశాడు. ఎత్తేసినట్టు ఆయనకు తెలియను కూడా తెలియదు.

చివరిసారి మాట్లాడినప్పుడు ఆయనకు జబ్బు ముదిరింది. మనిషి సగమయ్యాడు. గుడి బయట నీడలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మెడలో బిళ్ళ లేకపోవడం అప్పుడే చూశాను. నన్ను పిలిచి, కొంచెం తటపటాయించి అడిగాడు: "టీచర్ గారూ, ఆ డబ్బా అమ్మాయి... బాగుందాండీ?"

ఆ క్షణం నా మనసు మెత్తబడిందని రాయాలి. "బాగుంది. అదుగో, కుళాయి దగ్గర నిలబడి ఉంది. పిలవనా?" అన్నాను.

ఆయన అటు చూశాడు. "పేరేంటండీ?" అన్నాడు.

"మీ తరగతిలో కూర్చున్న పిల్లే."

"అవునండీ. ఒక్క నిమిషం..." చూపుడువేలూ బొటనవేలూ కలిశాయి, కానీ ఏమీ రాలలేదు. పేరు రాలేదు. నేను అందించలేదు. పిల్ల నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, మా ముందు నుంచే నమస్తే టీచరమ్మా అంటూ వెళ్ళిపోయింది. పిలిస్తే వినబడే దూరం.

"వచ్చే ఆదివారం మాట్లాడతానండి," అన్నాడు ఆయన.

వచ్చే ఆదివారం ఆయన రాలేదు. ఆపైన ఏ ఆదివారమూ రాలేదు. పిల్లల ప్రశ్నలన్నీ పోయిన చోటికే ఆ మాట కూడా పోయింది.

మొన్న సంస్మరణ పూజ తరువాత ఆయన భార్య అందరికీ భోజనం పెట్టింది. నెమ్మది మనిషి, ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. "కూపన్లు వద్దన్నానండీ ఈసారి. ఆయనుంటే ఒప్పుకునేవారు కాదు," అంది నాతో, కళ్ళు తుడుచుకుంటూ. లెక్కలేకుండా వండించింది. బగారన్నం, మాంసం కూర, పప్పుచారు. ఇంగ్లీషు పూజవారు సగంమంది కార్లెక్కి వెళ్ళిపోయారు. అందరూ తిన్నాక కూడా గంజులు బరువుగానే ఉన్నాయి. వంటవాళ్ళు మూతలు తీసి చూసి, ఏం చేయమంటారమ్మా అని అడిగారు.

ఆమె పంక్తుల మధ్యకు వచ్చింది. "బోలెడు మిగిలిందమ్మా. డబ్బాలేమైనా తెచ్చుకున్నారా? పట్టుకెళ్ళండి, దయచేసి."

ఖాజాగూడ తల్లులు కొంగులకు చేతులు తుడుచుకుంటూ లేచారు. "వద్దమ్మా. సుష్టుగ తిన్నం గద." మర్యాదగానే అన్నారు. ఒక్కరి చేతిలోనూ సంచి లేదు. ఆమెకు కారణం తెలియదు. బిత్తరపోయి నా వైపు చూసింది. ఆయన జీవితమంతా జరగనివ్వనిది ఆయన పేరిట జరిగింది: అందరూ తిన్నారు, మిగిలింది. గంపలు మోసుకొచ్చేవాళ్ళను మాత్రం ఆయన ముందే మాన్పించి పోయాడు.

ఫిలోమిన నా పక్కనే ఉంది. ఇప్పుడు నా భుజం దాకా ఎదిగింది. వాళ్ళ నాయిన ఆ రోజు కూడా డ్యూటీలోనే ఉన్నాడు.

"నాయినకు ఏమన్న పట్టుకపోతవా బిడ్డా? నా దగ్గర గిన్నె ఉంది, ఇస్త."

పిల్ల గంజుల వైపు చూసింది. మూతల కింద నుంచి ఇంకా ఆవిరి వస్తోంది.

"వద్దు టీచరమ్మా," అంది. "మిగిలిందని సర్‌కు చెప్పకున్రి."

ఈ మాట ఎకసెక్కమో, జాలో నేను తేల్చుకోలేదు. తేలనిదాన్ని తుడిచేయడం నాకు రాదు కనుక విన్నది విన్నట్టు రాశాను.

పేరు సంగతి చెబుతానన్నాను. ఎవరు ఎవరో తెలియాలి కదండీ అని మాకు బిళ్ళలు పంచినవాడు, తన ఎదుట కూర్చున్న ఆ పిల్ల పేరు తెలియకుండానే వెళ్ళిపోయాడు. అందువల్ల ఈ పేజీలో ఫిలోమిన పేరు ఉంది. ఆయనది లేదు.